టైమ్‌లైన్‌లో వెతుకులాట లేకుండా పొడవాటి ఆడియో ఎడిట్ చేయడం ఎలా?

43వ నిమిషంలో ఎక్కడో ఒక దగ్గు ఉంది. వింటున్నప్పుడు చెవికి తగిలింది, తీసేద్దాం అనుకున్నారు. జూమ్ చేశారు. జూమ్ అయ్యేసరికి తెర మీద దగ్గు లేదు, ఎవరో ఏదో మాట్లాడుతున్న ముక్క ఉంది. కింద స్క్రోల్ బార్ పట్టుకుని కుడికి కాస్త జరిపారు. ఒకేసారి 46వ నిమిషం వచ్చేసింది. ఎడమకి జరిపితే 39. మళ్లీ జూమ్ అవుట్, మళ్లీ ఎక్కడో క్లిక్, మళ్లీ ప్లే. మూడు నిమిషాలు తిప్పలు పడ్డాక దగ్గు దొరికింది. దాన్ని కోసేయడానికి పట్టిన టైమ్ మాత్రం రెండు సెకన్లు.

గంట రికార్డింగులో ఇలాంటివి ముప్పై నలభై ఉంటాయి. లెక్క వేసుకోండి, సాయంత్రం మొత్తం వెతకడానికే పోతుంది. నేను చాలాకాలం సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకున్నాను. ర్యామ్ పెంచాను, ఎడిటర్ మార్చాను, కొత్త ఎడిటర్‌నీ తిట్టాను. చివరికి ఒకరోజు విసుగెత్తి, ఎడిటింగ్ చేస్తున్నప్పుడు నా స్క్రీన్‌ను నేనే రికార్డ్ చేసి చూసుకున్నాను. సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది రెండే రెండు సార్లు. మిగతా టైమంతా నేనే, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇప్పుడే విన్న చోటును మళ్లీ వెతుక్కుంటూ ఉన్నాను.

కింద రాసింది ముఖ్యంగా మాటల రికార్డింగులకు పనికొస్తుంది: పాడ్‌కాస్ట్, ఇంటర్వ్యూ, ఆడియోబుక్, పాఠం. సంగీతం మిక్స్ చేసేవాళ్ల అవసరాలు వేరు. చెప్పిన కీబోర్డ్ కీలు చాలావరకు ఆడాసిటీవి, అక్కడక్కడా రీపర్‌వి, ఎందుకంటే నేను రోజూ వాడే ఆడియో ఎడిటర్లు ఆ రెండే. మ్యాక్ వాడేవాళ్లు కంట్రోల్ అన్నచోట చాలావరకు కమాండ్ అని చదువుకోండి.

1. ఆలస్యం ఎక్కడ ఉందో ముందు తేల్చుకోండి

ఒక నిమిషం నిడివి ఉన్న ఫైల్‌ని కొత్త ప్రాజెక్టులో తెరవండి. జూమ్ చేయండి, స్క్రోల్ చేయండి, నాలుగైదు చోట్ల క్లిక్ చేసి ప్లే చేయండి. ఇప్పుడు మీ పొడవాటి ప్రాజెక్టులోనూ అదే చేయండి.

చిన్న ఫైల్ చకచకా కదిలి, పెద్ద ప్రాజెక్టులో మాత్రం తెర బిగుసుకుపోయి కాసేపటికి గెంతుతోందా? క్లిక్ చేసిన తర్వాత శబ్దం రావడానికి ఆలస్యమవుతోందా? అయితే కంప్యూటర్ మీద బరువు ఎక్కువైంది, రెండో మెట్టు మీకోసమే. తెర చేతితో పాటే కదులుతోంది గానీ కావలసిన చోటు దొరకడం లేదా? అయితే రెండోది వదిలేసి నేరుగా మూడోదానికి వెళ్లిపోండి. చిన్న ఫైల్ కూడా ఈడ్చుకుంటూ నడిస్తే తప్పు ఆడియోది కాదు. గ్రాఫిక్స్ డ్రైవర్, వెనకాల నడుస్తున్న ఇతర ప్రోగ్రాములు చూసుకోవాలి.

2. కంప్యూటర్ మీద బరువు దించండి

వేవ్‌ఫామ్ (శబ్దాన్ని చూపే అలల బొమ్మ) గీయడం కనిపించినంత తేలిక కాదు. 44,100 హెర్ట్జ్‌లో రికార్డ్ చేసిన గంట ఆడియోలో ఒక్కో ఛానెల్‌కి 15 కోట్ల 87 లక్షలకు పైగా శాంపిళ్లు, అంటే సెకనుకి 44,100 సార్లు తీసుకున్న శబ్దం కొలతలు, ఉంటాయి. స్క్రోల్ చేసిన ప్రతిసారీ వాటన్నిటినీ చదవాలంటే ఏ కంప్యూటరైనా మొరాయిస్తుంది. అందుకే ఎడిటర్లు ఒకసారి మొత్తం చదివి, ఏ ముక్కలో అల ఎంత ఎత్తు ఉందో సారాంశంగా రాసి పెట్టుకుంటాయి. తర్వాత గీసేదంతా ఆ సారాంశం చూసే. రీపర్ వాడితే కనిపించే రీపీక్స్ ఫైళ్లు, అడోబీ ఆడిషన్ వాడితే కనిపించే పీకేఎఫ్ ఫైళ్లు అవే. ఫోల్డర్ శుభ్రం చేస్తున్నాననుకుని ఒకసారి వాటన్నిటినీ తీసి పారేశాను. ఆడియోకి ఏమీ కాలేదు గానీ, మర్నాడు ప్రతి ప్రాజెక్టూ తెరవగానే మొదటి నుంచి లెక్క వేసుకుంటూ కూర్చుంది. వాటి జోలికి పోకండి. కొత్త ఫైల్ తెరిచినప్పుడు కూడా ఆ లెక్క పూర్తయ్యేదాకా ఆగండి. సగంలో ఉండగా స్క్రోల్ చేసి, స్లోగా ఉందని తిట్టడం అన్యాయం.

ఎంపీ3ని నేరుగా టైమ్‌లైన్ మీద పెట్టి ఎడిట్ చేసే అలవాటుంటే మానుకోండి. 44,100 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో వేవ్ ఫైల్‌లో సెకనుకి సరిగ్గా 1,76,400 బైట్లు. 40వ నిమిషం ఫైల్‌లో ఎక్కడుందో ఒక్క గుణకారంతో తెలిసిపోతుంది, ఎడిటర్ నేరుగా అక్కడికి దూకుతుంది. ఎంపీ3 అలా కాదు. అది చిన్న చిన్న ఫ్రేముల దండ, ఒక్కో ఫ్రేములో 1152 శాంపిళ్లు, అంటే దాదాపు 26 మిల్లీసెకన్లు. బిట్‌రేట్ (సెకనుకి వాడే డేటా) మారుతూ ఉండే రకమైతే ఒక్కో ఫ్రేముది ఒక్కో సైజు, కాబట్టి గుణకారం పనిచేయదు. అలాంటి ఫైళ్ల మొదట్లో సాధారణంగా ఒక సూచిక ఉంటుంది, కానీ అందులో ఉండేవి 100 గుర్తులే. గంట ఫైల్‌లో అంటే 36 సెకన్లకొకటి. మధ్యలో ఉన్నది అంచనా వేసుకోవాలి, లేదా ఫ్రేములు లెక్కపెట్టుకుంటూ పోవాలి. మొదట్లోనే వేవ్‌గా మార్చుకుంటే ఈ గొడవ ఉండదు. ఆడాసిటీ ఇంపోర్ట్ చేసేటప్పుడే ఆడియోను విప్పి తన ప్రాజెక్టులోకి కాపీ చేసుకుంటుంది కాబట్టి అక్కడ ఈ సమస్య లేదు. రీపర్ లాంటివి మీరిచ్చిన ఫైల్‌నే చదువుతాయి.

ఆడాసిటీది ఇంకో రకం బరువు. మామూలుగా అది శాంపిళ్లను 32 బిట్లలో దాస్తుంది. గంట స్టీరియో అంటే 1.27 జీబీ. ఒకే మైకుతో తీసిన మాటలకి స్టీరియో దేనికి? ట్రాక్స్ మెనూలో మిక్స్‌కి వెళ్లి మోనో చేసేయండి, సగానికి పడిపోతుంది. పైగా ట్రాక్ మొత్తానికి ఒక ఎఫెక్ట్ వేసిన ప్రతిసారీ, అన్‌డూ కోసం పాత ఆడియోనూ దాచుకుంటుంది. నాయిస్ రిడక్షన్, కంప్రెసర్, నార్మలైజ్ వరసగా వేశారంటే ఆ గంట నాలుగు కాపీలుగా డిస్కులో కూర్చుని ఉంటుంది. ప్రాజెక్టు సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిస్తే ఆ పాతవి పోతాయి. వాటితో పాటు అన్‌డూ కూడా పోతుంది, అది గుర్తుంచుకుని చేయండి.

ప్రాజెక్టును క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్లో పెట్టి ఎడిట్ చేయొద్దు. ఆడాసిటీ 3.0 నుంచి ప్రాజెక్టు మొత్తం ఒకే ఏయూపీ3 ఫైల్. మీరు చిన్న కోత పెట్టినా ఆ పెద్ద ఫైల్ మారుతుంది, సింక్ ప్రోగ్రాము దాన్ని పైకి పంపాలని చూస్తుంది, ఇద్దరూ ఒకే ఫైల్ కోసం కొట్టుకుంటారు. కంప్యూటర్ లోపలి డిస్కులో ఎడిట్ చేయండి, పని అయ్యాక కాపీని క్లౌడ్‌కి పంపండి. పాత హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ అయితే తేడా వెంటనే తెలుస్తుంది.

ట్రాక్‌ని స్పెక్ట్రోగ్రామ్‌లో (ఏ క్షణాన ఏ స్వరం ఎంత ఉందో రంగుల్లో చూపే బొమ్మలో) వదిలేసి ఉంటే మామూలు వేవ్‌ఫామ్‌కి మార్చండి. క్లిక్కులు, ఈలలు పట్టుకోవడానికి స్పెక్ట్రోగ్రామ్‌ను మించింది లేదు గానీ దాన్ని గీయడానికి లెక్కలు చాలా ఎక్కువ. అవసరమైనప్పుడు తెరిచి, చూసి, మూసేయండి.

3. స్క్రోల్ బార్‌ను వదిలేయండి

ఇది నమ్మకం కుదరాలంటే చిన్న లెక్క చూడాలి.

మీ తెర వెడల్పు 1920 పిక్సెళ్లు అనుకుందాం. గంట ఆడియో మొత్తం ఆ తెరలో పట్టేలా చూస్తుంటే, ఒక్కో పిక్సెల్‌కి 1.875 సెకన్లు. దగ్గు అర సెకను ఉంటుంది. అంటే మీరు కంటితో వెతుకుతున్న దగ్గు తెర మీద పావు పిక్సెల్ వెడల్పు ఉంది! దాని మీద మౌస్‌తో సరిగ్గా క్లిక్ చేయడం దేవుడి వల్ల కూడా కాదు.

సరే, జూమ్ చేశారు, తెర మీద 10 సెకన్లు కనిపిస్తున్నాయి. ఇప్పుడు స్క్రోల్ బార్ తెర వెడల్పులోనే గంటనంతా మోయాలి. దాన్ని ఐదారు పిక్సెళ్లు కదిపేసరికి 10 సెకన్లు జరిగిపోతాయి, అంటే తెర మొత్తం మారిపోతుంది. చెయ్యి కొంచెం వణికితే చాలు, ఎక్కడున్నారో తెలియదు. మీ చేతిలో లోపం ఏమీ లేదు. గంట ఆడియోకి ఆ బార్ సరిపడే పనిముట్టు కాదు, అంతే.

దాని బదులు మౌస్ చక్రం వాడండి. ఆడాసిటీలో షిఫ్ట్ పట్టుకుని చక్రం తిప్పితే పక్కలకి జరుగుతుంది, కంట్రోల్ పట్టుకుని తిప్పితే జూమ్ అవుతుంది. రీపర్‌లో ఏమీ పట్టుకోకుండా తిప్పితే జూమ్, ఆల్ట్‌తో తిప్పితే పక్కలకి. చక్రంతో జరిగేది ఎప్పుడూ మీరు చూస్తున్న తెరకి తగ్గట్టే, కాబట్టి 10 సెకన్లు చూస్తున్నప్పుడు ఒక్క తిప్పుకి ఏడెనిమిది నిమిషాలు ఎగిరిపోవడం ఉండదు.

4. జూమ్‌ను రెండు మెట్లకి కుదించుకోండి

కొత్తలో అందరం చేసే పని, జూమ్ ఇన్ అని ఆరుసార్లు కొట్టడం, ఎక్కువైందని మూడుసార్లు వెనక్కి రావడం. ఈ మధ్యలో ఉన్న మెట్లన్నీ వృథా. మాటల ఎడిటింగుకి రెండే కావాలి. మొత్తం కనిపించేలా ఒకటి, ఒక వాక్యం కనిపించేలా ఇంకొకటి.

ఆడాసిటీలో దీనికి సరిగ్గా సరిపోయే కీ ఒకటి ఉంది, ఎందుకో ఎక్కువమంది వాడరు: షిఫ్ట్ + జడ్. ఒకసారి నొక్కితే ఒక జూమ్, మళ్లీ నొక్కితే ఇంకో జూమ్. ఆ రెండూ ఏవి ఉండాలో ప్రిఫరెన్సెస్‌లో ట్రాక్స్ పేజీలో జూమ్ టోగుల్ అన్నచోట మీరే ఎంచుకోవచ్చు. మొదటిది ఫిట్ టు విడ్త్, రెండోది సెకండ్స్ అని పెట్టి చూడండి, నచ్చకపోతే మార్చుకోండి. దీనికి తోడు ఇంకో రెండు కీలు చాలు. ఎంచుకున్న ముక్క తెరంతా నిండాలంటే కంట్రోల్ + ఇ. మొత్తం ప్రాజెక్టు తెరలోకి రావాలంటే కంట్రోల్ + ఎఫ్.

జూమ్ చేయగానే చోటు తప్పిపోవడానికి కారణం, జూమ్ దేని చుట్టూ జరుగుతోందో మనం పట్టించుకోకపోవడం. ఆడాసిటీలో కంట్రోల్‌తో చక్రం తిప్పితే మౌస్ బాణం ఉన్నచోటు చుట్టూ జూమ్ అవుతుంది. కంట్రోల్ + 1 కొడితే, కర్సర్ (మీరు క్లిక్ చేసినచోట నిలిచే నిలువు గీత) తెర మీద ఉంటే దాని చుట్టూ అవుతుంది. కర్సర్ తెర బయట ఉందా, తెర మధ్యలో ఏముంటే దాని చుట్టూ అవుతుంది. దగ్గు దగ్గర కర్సర్ పెట్టి, అనుకోకుండా ఇంకోవైపు స్క్రోల్ చేసి, అప్పుడు జూమ్ చేస్తే జరిగేది ఇదే. అలా తప్పిపోతే కంట్రోల్ + ఎడమ చదరపు బ్రాకెట్ నొక్కండి. మీ కర్సర్ లేదా సెలెక్షన్ మొదలు ఎక్కడుందో తెర అక్కడికి వచ్చేస్తుంది. నన్నడిగితే ఆడాసిటీలో అన్నిటికంటే పనికొచ్చే కీ ఇదే. రీపర్‌లో ప్రిఫరెన్సెస్‌లోని అపియరెన్స్ కింద, జూమ్ కర్సర్ చుట్టూ కావాలా మౌస్ చుట్టూ కావాలా అని అడిగే సెట్టింగ్ ఉంటుంది. ఏదో ఒకటి ఎంచుకుని దానికే అలవాటు పడండి.

ఏ కీ అయినా పనిచేయకపోతే కంగారు పడకండి. ఆడాసిటీలో కీల జాబితాలు రెండు ఉంటాయి, స్టాండర్డ్, ఫుల్. మామూలుగా వచ్చేది స్టాండర్డ్, అందులో కొన్ని కీలు ఉండవు. ప్రిఫరెన్సెస్‌లో షార్ట్‌కట్స్ (పాత వెర్షన్లలో కీబోర్డ్) పేజీకి వెళ్లి డిఫాల్ట్స్‌లో ఫుల్ ఎంచుకోండి. మీరు ఇదివరకే సొంత కీలు పెట్టుకుని ఉంటే ముందు వాటిని ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, లేకపోతే చెరిగిపోతాయి.

ఇంకో చిరాకు: ప్లే అవుతుండగా వెనక్కి వెళ్లి ఏదో చూద్దామంటే తెర మళ్లీ ప్లేహెడ్ (ప్లే అవుతున్నచోటు చూపే గీత) దగ్గరికి లాక్కుపోతుంది. అది ఆటో స్క్రోల్. ఆడాసిటీలో ట్రాక్స్ ప్రిఫరెన్సెస్‌లో, రీపర్‌లో ఆప్షన్స్ మెనూలో ఉంటుంది, తీసేయండి.

5. వినేటప్పుడు వినడమే, కోయొద్దు

అసలు మార్పు ఇక్కడ వస్తుంది. వింటూ వింటూ తప్పు దొరకగానే ఆపి, జూమ్ చేసి, కోసి, మళ్లీ జూమ్ అవుట్ చేసి, మళ్లీ వినడం. ఇదే టైమ్ తినేది. పనిని రెండుగా చేయండి. మొదటి విడత మొత్తం విని గుర్తులు పెట్టడం. రెండో విడత గుర్తు నుంచి గుర్తుకి దూకుతూ కోయడం. రెండుసార్లు పని చేస్తున్నట్టు అనిపిస్తుంది, కానీ గంట ఆడియో వినడానికి ఎలాగూ గంట కావాలి. పోయేది వెతుకులాట ఒక్కటే.

ప్లే చేయండి. తీసేయాల్సింది వినిపించగానే కంట్రోల్ + ఎమ్ నొక్కండి. మ్యాక్‌లో ఆ కీ విండోను దాచేస్తుంది కాబట్టి అక్కడ కమాండ్ + ఫుల్‌స్టాప్. ప్లే ఆగదు, ఆ చోట ఒక లేబుల్ పడుతుంది. లేబుల్‌లో ఒక్క అక్షరం రాయండి చాలు. దగ్గుకి ద, తప్పుగా చదివిన వాక్యానికి త, అనవసరమైన గ్యాప్‌కి గ. రాశాక ఎంటర్ కొట్టడం మర్చిపోవద్దు. ఎంటర్ కొట్టకపోతే తర్వాత నొక్కే కీలన్నీ లేబుల్‌లోకి అక్షరాలుగా వెళ్లిపోతాయి, ఆపుదామని స్పేస్ కొడితే లేబుల్‌లో ఖాళీ పడుతుంది తప్ప ప్లే ఆగదు. మొదటిరోజు అందరూ ఇక్కడ ఒకసారి బోల్తా పడతారు. రీపర్‌లో గుర్తుకి ఎమ్ ఒక్కటే చాలు. పేరు కూడా రాయాలంటే షిఫ్ట్ + ఎమ్.

గుర్తు ఎప్పుడూ కాస్త ఆలస్యంగా పడుతుంది. దగ్గు వినాలి, దగ్గని గ్రహించాలి, చెయ్యి కదలాలి, ఈలోగా అది వెళ్లిపోతుంది. కాబట్టి అసలు సరుకు ఎప్పుడూ లేబుల్‌కి ఎడమవైపే ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో అయితే శబ్దమే ఆలస్యంగా చేరుతుంది, తేడా ఇంకా పెరుగుతుంది. ఎడిటింగుకి వైరున్న హెడ్‌ఫోన్ వాడండి.

సరిగ్గా వినపడక వెనక్కి వెళ్లాలంటే మౌస్ ముట్టుకోవద్దు. ఆడాసిటీలో ప్లే అవుతుండగా ఎడమ బాణం కీ ఒక సెకను వెనక్కి, షిఫ్ట్‌తో కలిపితే 15 సెకన్లు వెనక్కి తీసుకెళ్తాయి. ఒక సెకను మరీ తక్కువ, మాట సగంలో పడతాం. ప్రిఫరెన్సెస్‌లో ప్లేబ్యాక్ పేజీలో ఆ ఒకటిని మూడు చేసుకోండి. మూడు సెకన్లు అంటే ఇంచుమించు ఒక చిన్న వాక్యం.

స్పీడు పెంచి వినొచ్చా? వినొచ్చు, కానీ ఒకటిన్నర రెట్లు దాటితే నోటి చప్పుళ్లు, చిన్న క్లిక్కులు జారిపోతాయి. ఆడాసిటీలో ప్లే ఎట్ స్పీడ్ వాడితే గొంతు సన్నబడి వినిపిస్తుంది, తప్పులు పట్టడానికి అది అడ్డం కాదు.

కంప్యూటర్ ముందు గంటసేపు కూర్చుని వినే ఓపిక లేకపోతే ఇంకో దారి ఉంది. రికార్డింగును ఫోన్‌లో పెట్టుకుని నడుస్తూ వినండి, టైములు మాత్రం నోట్ చేసుకోండి. తర్వాత నోట్‌ప్యాడ్‌లో ఒక మామూలు టెక్స్ట్ ఫైల్ రాయండి. లైనుకొక గుర్తు, లైనులో మూడు భాగాలు: మొదలయ్యే టైమ్ సెకన్లలో, ముగిసే టైమ్ సెకన్లలో, పేరు. మధ్యలో ట్యాబ్ కీ కొట్టాలి, స్పేస్ పనికిరాదు. 12 నిమిషాల 40 సెకన్ల దగ్గర దగ్గు, 25 నిమిషాల 12న్నర సెకన్ల నుంచి ఐదున్నర సెకన్ల పాటు తప్పు చదివిన వాక్యం ఉంటే ఫైల్ ఇలా ఉంటుంది:

760	760	దగ్గు
1512.5	1518	తప్పు వాక్యం

ఆడాసిటీలో ఫైల్ మెనూలో ఇంపోర్ట్, దాంట్లో లేబుల్స్. అన్ని గుర్తులూ టైమ్‌లైన్ మీద వాటి వాటి చోట్ల వాలిపోతాయి. ఇంకొకరు విని తప్పులు చెబుతుంటే, మీరు ఎడిట్ చేస్తుంటే ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. ఫోన్‌లో ఫలానా నిమిషం దగ్గర, కాదు కాస్త ముందు అనుకుంటూ మాట్లాడుకునే బాధ తప్పుతుంది.

6. చివరి నుంచి మొదటికి రండి

గుర్తులన్నీ పెట్టాక మొదటి గుర్తు నుంచి మొదలుపెట్టాలనిపిస్తుంది. వద్దు. 12వ నిమిషంలో 8 సెకన్లు కోశారనుకోండి, ఆ తర్వాత ఉన్న ఆడియో మొత్తం 8 సెకన్లు ఎడమకి జరుగుతుంది. ఆడాసిటీలో సింక్ లాక్ అనే సెట్టింగ్ వేసి ఉంటే లేబుళ్లు కూడా వాటితో జరుగుతాయి. వేసి లేకపోతే, ఆడియో ఒక్కదాన్నే ఎంచుకుని కోసినప్పుడు, లేబుళ్లు ఉన్నచోటే ఉండిపోతాయి. పది కోతలు అయ్యేసరికి ఏ గుర్తూ దాని చోట ఉండదు. కాగితం మీద రాసుకున్న టైములకి ఏ లాకూ పనిచేయదు. చివరి నుంచి వెనక్కి వస్తే ఈ గోలే లేదు. కోసినదాని తర్వాత ఉన్నవి జరిగితే జరగనీ, వాటితో పని ఎప్పుడో అయిపోయింది. ముందున్నవి కదలవు.

ఒక కోత ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ఎండ్ కీ కొట్టి చివరికి వెళ్లండి. ఆల్ట్ + ఎడమ బాణం కొడితే చివరి లేబుల్ దగ్గరికి వస్తారు. షిఫ్ట్ + జడ్, వాక్యం కనిపించే జూమ్. కర్సర్ కనబడకపోతే కంట్రోల్ + ఎడమ చదరపు బ్రాకెట్. లేబుల్‌కి ఎడమవైపు, మూడు నాలుగు సెకన్ల ముందు ఒక క్లిక్, స్పేస్. ఇప్పుడు చెవితో పట్టుకోవాలి. చెడ్డ ముక్క మొదలయ్యేచోట ఎడమ చదరపు బ్రాకెట్ నొక్కండి, అయిపోయేచోట కుడి చదరపు బ్రాకెట్. ఆ రెండిటి మధ్య భాగం సెలెక్ట్ అయిపోతుంది. ప్లే ఆపండి. అంచులు కొంచెం అటూ ఇటూ ఉంటే అప్పుడు మౌస్‌తో సర్దండి, ఈ జూమ్‌లో మౌస్ బాగా పనిచేస్తుంది. కోసే ముందు సి నొక్కండి. కోసినట్టే ముందు రెండు సెకన్లు, తర్వాత ఒక సెకను కలిపి వినిపిస్తుంది, కానీ ఇంకా కోయదు. ఊపిరి సగంలో తెగినట్టు వినిపిస్తే అంచు మార్చండి. బాగుంటే డిలీట్. మళ్లీ ఆల్ట్ + ఎడమ బాణం.

చేయి తిరిగాక ఒక్కో కోతకి పదిహేను ఇరవై సెకన్లు మించి పట్టదు. మొదటి నాలుగైదు మాత్రం పాత పద్ధతి కంటే ఎక్కువే పడుతుంది, అక్కడ వదిలేయకండి.

రీపర్‌లో చదరపు బ్రాకెట్లు వేరే పని చేస్తాయి. ఎడమది ముందున్న మార్కర్‌కి (రీపర్‌లో గుర్తు పేరు ఇదే), కుడిది తర్వాతి మార్కర్‌కి తీసుకెళ్తుంది. నంబర్ కీ కొడితే ఆ నంబరు మార్కర్‌కి దూకుతుంది, కంట్రోల్ + జె కొట్టి టైమ్ టైప్ చేస్తే అక్కడికి వెళ్తుంది. ఒకే కీకి ఒక్కోచోట ఒక్కో అర్థం ఉండటం ఈ రంగంలో పెద్ద తలనొప్పి. వీడియో ఎడిటింగ్ నుంచి వచ్చినవాళ్లకి జె అంటే వెనక్కి, కె అంటే ఆగు, ఎల్ అంటే ముందుకి. ఆడాసిటీలో అదే అలవాటుతో నొక్కితే జె ట్రాక్ మొదటికి, కె ట్రాక్ చివరికి తీసుకెళ్తాయి, ఎల్ లూప్ వేస్తుంది. అందుకే ఒకేసారి రెండు ఎడిటర్లు నేర్చుకోవద్దంటాను. ఒకదాంట్లో ఓ పది కీలు చేతికి అలవాటయ్యేదాకా రెండోదాన్ని తెరవకండి. ఆ పది కీలు చిన్న కాగితం మీద రాసి మానిటర్ అంచుకి అంటించండి. వారం తిరిగేసరికి కాగితం చూడటం మానేస్తారు.

7. వచ్చే రికార్డింగు నుంచి చప్పట్లు కొట్టండి

ఇప్పటిదాకా చెప్పింది రికార్డింగు చేతికి వచ్చాక చేసేది. రికార్డ్ చేస్తున్నది మీరే అయితే గుర్తులు అప్పుడే పెట్టేయొచ్చు. చదువుతూ తప్పు పలికారా, ఆగండి. మైకు దగ్గర రెండు చప్పట్లు గట్టిగా కొట్టండి. ఒక క్షణం మౌనంగా ఉండి, వాక్యం మొదటి నుంచి మళ్లీ చదవండి. వేవ్‌ఫామ్‌లో మాటలు మెత్తని గుట్టల్లా ఉంటాయి, చప్పట్లు మాత్రం రెండు సూదులు పక్కపక్కన నిలబెట్టినట్టు ఉంటాయి. గంట మొత్తం తెరలో పట్టించి చూసినా ఆ సూదులు కనబడతాయి. రెండూ కలిసిపోయి ఒక్క గీతలా కనిపించినా సరే, పక్కనున్న గుట్టలకంటే ఎత్తుగా నిలబడుతుంది. రెండు ఎందుకంటే, ఒకటే అయితే జూమ్ చేశాక కూడా ప, బ లాంటి అక్షరాలు మైకుకి గట్టిగా తగిలినప్పుడు వచ్చే గీతతో పొరబడతాం.

ఇలా తీసిన రికార్డింగులో తప్పు వాక్యాల కోసం మొదటి విడత వినాల్సిన పని కూడా ఉండదు. చప్పట్లు ఉన్నచోటికి వెళ్లి, వాటి ముందున్న చెడ్డ వాక్యం మొదలు నుంచి చప్పట్ల తర్వాతి మౌనం దాకా ఎంచుకుని తీసేయడమే. దగ్గులు, గ్యాప్‌లు మాత్రం చెవితోనే పట్టుకోవాలి.

అంతా అయ్యాక, ఎక్స్‌పోర్ట్ చేసే ముందు కంట్రోల్ + ఎఫ్ కొట్టి మొత్తం ప్రాజెక్టును ఒకసారి తెరలో చూడండి, ఎక్కడైనా సూదులు మిగిలాయేమో. నేనొకసారి చూడకుండా పంపించేశాను. విన్న స్నేహితుడు ఫోన్ చేసి, పాఠం బాగుందిరా గానీ మధ్యలో ఆ చప్పట్లు కొట్టిందెవరు అని అడిగాడు.